దిష్టి రేకు

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను వేసిన కుట్లలో ఒక్కటి కూడా ఊడలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, నిజం కాబట్టి చెబుతున్నాను. గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరు గారు టీకి వెళ్లినప్పుడల్లా సూది నా చేతికే వచ్చేది. తాటిచెట్టు మీంచి జారినవాళ్లు, చేపల చెరువులో సీసా పెంకు గుచ్చుకున్నవాళ్లు, పెళ్లాం విసిరిన అట్లకాడకి అడ్డం వచ్చినవాళ్లు, అందరికీ కుట్టాను. హెడ్ నర్సు హన్నమ్మ ముడి వేసిందంటే ఇక దానికి కత్తెరే దిక్కు. అందుకే నా కూతురు ప్రీతి ఫోన్ చేసి టోపీ అల్లిపెట్టమన్నప్పుడు, ఓస్ ఇంతేనా అనుకున్నాను.

ప్రీతి ఉండేది కలిదిండిలో. అల్లుడు ఆనంద్ పాల్ అక్కడ చేపల మేత కంపెనీలో సూపర్‌వైజరు. వాళ్లకి సంక్రాంతి వెళ్లాక పాప పుట్టింది. మే నెల మొదటి ఆదివారం బాప్తిస్మం పెట్టుకున్నారు.

"అమ్మా, ఆ రోజు పాపకి పెట్టడానికి తెల్ల టోపీ కావాలి," అంది.

"దానికేం, ఏలూరు బజార్లో అరడజను కొనుక్కొస్తాను."

"కొనద్దు. నువ్వు చేత్తో చేసిందే కావాలి. నా చిన్నప్పట్నుంచి నీ చేత్తో నాకు చేసిందేవైనా ఉందా, చెప్పు?"

"ఎందుకు లేదు? పోలియో చుక్కలు ఎవరు వేశారు? టెటనస్ ఇంజెక్షన్ ఎవరు చేశారు?"

"నా బాప్తిస్మానికి పక్కింటివాళ్ల టోపీ అరువు తెచ్చావట," అంది ప్రీతి. "ఫొటోలో అది నా ముక్కు మీదకి జారిపోయి ఉంటుంది. నాకెలాగూ లేదు, దానికైనా ఒక్కటి చేసిపెట్టమ్మా. ఎలా ఉన్నా పర్లేదు."

అప్పట్లో ఎప్పుడు చూసినా డ్యూటీ. అది నిద్ర లేచేసరికి నేను ఆసుపత్రిలో, నేను ఇంటికొచ్చేసరికి అది నిద్రలో. సరే అల్లుతాను అని మాటిచ్చేశాను. ఫోన్ పెట్టేముందు అది ఇంకో మాట కూడా అంది. "అత్తయ్య ఎలాగూ ఒకటి అల్లుతున్నారులే. నీది నీదే."

అదిగో, అక్కడే నాకు ఒళ్లు మండింది. మా వియ్యపురాలు సువార్తమ్మ గారి ఊరు ఉండి. ఏడేళ్ల వయసు నుంచి లేసు అల్లుతోందట. ఆవిడ అల్లిన లేసులు ఏజెంట్ల చేతుల మీదుగా ఎక్కడెక్కడికో పోతాయట. మనిషి చూస్తే వెన్న. "రండి వదినగారూ, కూర్చోండి వదినగారూ, మజ్జిగ తాగుతారా వదినగారూ" అని గాలికి కూడా నొప్పి తగలనట్టు మాట్లాడుతుంది. అలాంటి మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. పెళ్లయి రెండేళ్లయినా నాకు ఒక్క అవకాశం ఇవ్వలేదు.

ఆ మంగళవారమే మా ఏలూరు పవరుపేటలో షరీఫా వాళ్ల మేడ మీదకి వెళ్లాను. అక్కడ వారానికి రెండు మధ్యాహ్నాలు ఆడవాళ్లు పది పన్నెండు మంది చేరి అల్లికలూ కుట్లూ నేర్చుకుంటారు. షరీఫాకి నలభై ఐదేళ్లుంటాయి. కింద ఆమె భర్త మదార్‌కి దారాలూ గుండీలూ అమ్మే కొట్టు. నన్ను చూడగానే ఆమె చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి మోకాలు చూపించింది.

"గుర్తుపట్టారా అండీ? ఎనిమిదో క్లాసులో సైకిల్ మీంచి పడితే మీరే కుట్లేశారు. ఏడిస్తే ఇంకోటి వేస్తానన్నారు."

మచ్చ సన్నగా, తిన్నగా ఉంది. "చూశారా ఎంత నీటుగా వేశానో," అన్నాను అందరితోనూ. ఆ గదిలో నేను గర్వపడ్డది అదే మొదలు, అదే ఆఖరు.

షరీఫా నా చేతికి కొన వంగిన లేసు సూదీ తెల్లదారం ఉండా ఇచ్చింది. దారాన్ని సూదికి తగిలించి ఒక దారం కన్నులోంచి ఇంకో కన్ను లాగుతూ పోవాలి. అంతే. చిన్నపిల్లలు చేసే పని. నేను ఒక కన్ను లాగాను. లాగగానే నా చెయ్యి తనంతట తాను దారాన్ని రెండు చుట్లు తిప్పి, ముడేసి, బిగించేసింది. రెండో కన్ను లాగాను. మళ్లీ ముడి. గంటలో వేలెడు అల్లాను. పట్టుకుంటే ఎండిన చింతబరికెలా నిక్కబొడుచుకుని నిలబడింది.

షరీఫా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏమీ అనుకోకండేం," అంది మెత్తగా. కొస పట్టుకుని సర్రున లాగింది. మిగతావాళ్లదైతే అలా లాగితే మొత్తం ఊడొచ్చి మళ్లీ దారం అయిపోతుంది. నాది కదల్లేదు.

"ముడులు పడకూడదండీ హన్నమ్మ గారూ. లేసంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకునేలా ఉండాలి. తప్పు పోతే విప్పుకుని మళ్లీ అల్లుకుంటాం."

"ఊడిపోయేలా కుట్టడమేమిటమ్మా? నేనలా కుట్టుంటే జనం పేగులు చేత్తో పట్టుకుని ఇళ్లకెళ్లేవాళ్లు."

"ఇక్కడ పేగుల్లేవండీ," అంది షరీఫా అంతే మర్యాదగా, కత్తెర తీసుకుంటూ.

అలా మొదలైంది. ఆసుపత్రిలో నా అడుగుల చప్పుడు వింటే ట్రెయినీ పిల్లలు టోపీలు సర్దుకునేవాళ్లు. ఇప్పుడు షరీఫా అడుగుల చప్పుడు వింటే నేను నా అల్లిక చీర చెంగు కింద దాచేదాన్ని. "ఏమీ అనుకోకండేం" అన్న మాట వినబడితే చాలు, సూది కింద పెట్టేసేదాన్ని. నా పక్కన కూర్చునే వెంకటనరసమ్మ గారికి డెబ్బై రెండేళ్లు. మనవడికి స్వెట్టరు అల్లుతూనే కళ్లన్నీ నా చేతుల మీదే ఉంచేది.

"చెయ్యి వదులుగా పెట్టండమ్మా, మనిషిని కూడా కాస్త వదులుగా పెట్టండి," అనేది.

"మీరు మీ స్వెట్టరు చూసుకోండి. దానికి మూడు చేతులొచ్చాయి," అనేదాన్ని.

మార్చి ఆఖరుకి మొదటి టోపీ పూర్తయింది. బత్తాయికాయకి సరిపోయింది. ఏప్రిల్లో రెండోది మంచినీళ్ల కూజా మీద మూతగా కుదిరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. మూడోది మొదలుపెట్టేసరికి షరీఫా కత్తెర్లు రెండు మొద్దుబారాయి. బాప్తిస్మం ఐదు రోజుల్లో ఉందనగా ఆమె నా పక్కన కూర్చుని, నా చేతిలోది ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు చూసింది.

"ఇక నేను విప్పలేనండీ. దీన్నిలాగే పూర్తిచేసెయ్యండి. ఎలా వచ్చినా మీ మనవరాలిదేగా."

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి దాన్ని పిడికిలికి తొడిగి చూశాను. అక్షరాలా తలకి దెబ్బ తగిలినవాడికి కట్టే కట్టు. అలాంటివి వేల కట్లు కట్టాను కాబట్టి పొరబడే ప్రశ్నే లేదు. దీన్ని పట్టుకుని సువార్తమ్మ గారి పక్కన ఎలా నిలబడను? ఆవిడ తన పువ్వుల టోపీ తీసి, "మీది కూడా బాగుందండీ వదినగారూ" అంటుంది. ఆ మాట తలుచుకుంటేనే నాకు బీపీ లేచిపోయింది. అదే టైముకి ప్రీతి నుంచి మెసేజ్. "అమ్మా, టోపీ అయిందా? ఫొటో పెట్టవా?"

మర్నాడు బుధవారం పొద్దున్నే పాసింజర్ ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్లాను. అక్కడ లేసుల ఏజెంటు బంగార్రాజు ఉన్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల చేత ఇళ్లల్లో అల్లించి పైకి పంపుతాడు.

"శుక్రవారానికల్లా పసిపిల్ల టోపీ కావాలి. చేత్తో అల్లింది. ఫస్టు క్లాసుగా ఉండాలి," అన్నాను.

"రెండ్రోజుల్లోనా? టోపీ అంటే నెల్లాళ్ల పనండీ అమ్మగారూ."

"నెల్లాళ్లు నాకు లేవు! ఆదివారం నా మనవరాలికి బాప్తిస్మం! ముప్పై నాలుగేళ్లు జనానికి సేవ చేశాను, నాకొక్క టోపీ దొరకదా ఈ జిల్లాలో?" అని అరిచాను. కొట్టు ముందు అరటిపళ్ల బండివాడు కూడా ఆగి చూశాడు. బంగార్రాజు నుదురు తుడుచుకుని, తయారుగా ఉన్నదేదైనా దొరుకుతుందేమో అడిగి చూస్తానన్నాడు.

దొరికింది. శుక్రవారం వెళ్లి తెచ్చుకున్నాను. ఇంట్లో దీపం కింద పెట్టి చూస్తే, ఏం పనితనమండీ! మల్లెమొగ్గలంత పువ్వులు, అంచు చుట్టూ ఇరవై నాలుగు రేకులు. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. ఫొటో తీసి ప్రీతికి పంపాను. "అమ్మా!! నువ్వేనా!!" అని వచ్చింది, పక్కన ఏడుపు బొమ్మలు వరసగా. నేను అబద్ధమాడలేదు. బొటనవేలు బొమ్మ పెట్టానంతే. పెట్టాక మాత్రం రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాత అంచు రేకులు లెక్కపెడుతుంటే ఒకటి దొరికింది. ఇరవై మూడు రేకులు సమానంగా ఉన్నాయి, చివరిది మాత్రం సగమే ఉంది. ఎంత నిర్లక్ష్యం! ఇలాంటి పని నా వార్డులో జరిగితే ఊరుకునేదాన్నా? లేసు సూది తీసి ఆ పొట్టి రేకుని పొడుగు చేసి, పక్కవాటితో సమానంగా లాగి, అలవాటు ప్రకారం రెండు చుట్లు తిప్పి ముడేశాను. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు. శనివారమంతా కూర్చుని నా తలకట్టు టోపీ కూడా పూర్తిచేశాను. ఎందుకని అడక్కండి. సగంలో వదిలేసిన డ్రెస్సింగ్ చూస్తే నాకు నిద్ర పట్టదు. దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో అడుగున, మాత్రల డబ్బా కింద పడేశాను.

ఆదివారం కైకలూరు మీదుగా కలిదిండి బస్సులో వెళ్లాను. దారి పొడుగునా చెరువులూ, మేత బస్తాల లారీలూ. చర్చి వరండాలో ప్రీతి ఎదురొచ్చింది. టోపీ చేతికివ్వగానే దాన్ని చెంపకి ఆనించుకుంది. కళ్లనిండా నీళ్లు.

"అత్తయ్యా, చూడండి, అమ్మ అల్లింది!"

సువార్తమ్మ గారు మందపాటి కళ్లద్దాలు సర్దుకుంటూ వచ్చింది. టోపీని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలు అంచు వెంబడి ఒక్కొక్క రేకూ తడుముకుంటూ వెళ్లింది. చివరి రేకు దగ్గర ఆగింది. అక్కడే రెండుసార్లు తడిమి, తలెత్తి నావైపు చూసింది.

"ఎంత బాగా అల్లారండీ వదినగారూ," అంది. "బాగా చెయ్యి తిరిగినవాళ్లు అల్లినట్టుంది."

నాకు లోపల పండగే. ఆ ఊపులో నోరు ఊరుకోలేదు. "మరి మీరు తెచ్చిన టోపీ ఏదండీ?"

"తేలేదండీ," అంది ఆవిడ నేలచూపులు చూస్తూ.

ఆనంద్ పాల్ అందుకున్నాడు. "ఏం చెప్పమంటారత్తయ్యగారూ. పాప పుట్టకముందే మొదలెట్టి అల్లింది మా అమ్మ. కుడికంట్లో శుక్లం, ఒక్కో పువ్వుకీ వారం పట్టింది. మొన్న ఏజెంటొచ్చి, ఎవరో అమ్మమ్మ బాప్తిస్మం దగ్గర పెట్టుకుని టోపీ లేదని కొట్లో కూర్చుని ఏడుస్తోందని చెప్పాడట. తీసి ఇచ్చేసింది."

"ఊరుకోరా," అంది సువార్తమ్మ గారు. "ఆవిడెవరో పాపం, అల్లడం రాదు కాబోలు. నేనైతే ఇంకోటి అల్లుకోగలను కదా అనుకున్నాను. తీరా సూది పట్టుకుంటే దారమే కనబళ్లేదు."

నేను ఏడవలేదు. అది బంగార్రాజు కల్పించిన మాట. నేను అరిచాను. అయితే ఆ సంగతి అప్పుడు ఎవరితో చెప్పను? ప్రీతీ అల్లుడూ పాపని తీసుకుని లోపలికి వెళ్లగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"చివరి రేకు నేను ఎప్పుడూ పొట్టిగానే వదిలేస్తానండీ. దిష్టికి. అన్నీ బాగుంటే కళ్లు పడతాయని మా అమ్మ నేర్పిన అలవాటు. పాస్టరు అయ్యగారికి చెప్పకండి, తిడతారు." మళ్లీ మెల్లగా, "మీరు దాన్ని సరిచేశారు. మంచి గట్టి ముడండీ. ప్రీతి ఎంత సంతోషంగా ఉందో చూశారుగా? ఈ మాట మనిద్దరి మధ్యనే ఉండనివ్వండి," అంది.

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ నాలుగు తిట్టి తేలిగ్గా ఉండేదాన్ని. ప్రసంగం సాగినంతసేపూ ముందు బెంచీలో చెమటలు కక్కుతూ కూర్చున్నాను. సువార్తమ్మ గారు పాటల పుస్తకం ముక్కుకి ఆనించి పట్టుకుంది. ఆ కళ్లతో నెలల తరబడి అల్లింది నేను ఎత్తుకొచ్చాను. దాన్ని చూసి నా కూతురు, అమ్మ మొదటిసారి నాకోసం ఏదో చేసిందని మురిసిపోతోంది. ఇదీ అరువు టోపీయే. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ అరువు టోపీయే తెచ్చాను.

అయ్యగారు పాప తల మీద ముమ్మారు నీళ్లు పోసి ప్రార్థన చేశారు. తుడిచి టోపీ పెట్టబోతూ ప్రీతి చెయ్యి చాచింది.

"ఆగండి!" అన్నాను.

వార్డు చివరి మంచందాకా వినబడే గొంతు నాది. పాడేవాళ్లు కూడా ఆగిపోయారు. లేచి ముందుకెళ్లాను.

"అయ్యగారూ, దేవుడి ముందు అబద్ధం నిలబెట్టలేను. ఆ టోపీ నేనల్లింది కాదు. కొన్నాను. అల్లింది సువార్తమ్మ గారు. తెలిసి కూడా నన్ను బయటపెట్టకుండా కూర్చుందావిడ. అందులో నా చేతి పని ఒక్క ముడే. అదీ తప్పు ముడే." హ్యాండ్‌బ్యాగు తెరిచి, మాత్రల డబ్బా కింద నుంచి నాది తీశాను. "నేనల్లింది ఇదీ."

అయ్యగారు దాన్ని రెండు చేతులా అందుకుని అటూ ఇటూ తిప్పారు. "ఏంటమ్మా ఇది?"

"టోపీ అండీ."

"పైభాగం ఎటండీ?"

ప్రీతి నావైపు చూడలేదు. "కొనద్దన్నాను కదమ్మా," అంది చిన్నగా. నాకు తల కొట్టేసినట్టయింది. అది అయ్యగారి చేతిలోంచి నా టోపీ తీసుకుంది. ఒక ముడిని గోటితో గీరి చూసింది. ఇంకోదాన్ని లాగింది. అటుపక్కదాన్ని కూడా లాగింది.

"ఇన్ని ముడులు... అన్నీ నువ్వే వేశావా?"

"మూడు నెలలు వేశాను. షరీఫా కత్తెర్లు రెండు పాడుచేశాను. మనిషి పడని మాటలు పడ్డాను. అంతకంటే బాగా రాలేదే తల్లీ, నాకు చేతకాలేదు," అన్నాను. ఆసుపత్రిలో ఎన్ని చూసినా ఏడవని దాన్ని, అక్కడ అందరి ముందూ ఏడ్చేశాను.

ప్రీతి ఆ టోపీని పాప తలకి తొడిగింది. సరిగ్గా సరిపోయింది. తలకట్టు కొలత నాకు తప్పుతుందా? వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ పెద్దగా, "అయ్యో, పసిబిడ్డకి తలకెలా తగిలిందమ్మా?" అంది. అయ్యగారే ముందు నవ్వారు. ఆ తర్వాత చర్చంతా నవ్వింది.

భోజనాల దగ్గర షామియానా కింద నేనూ సువార్తమ్మ గారూ పక్కపక్కన కూర్చున్నాం. ఆవిడ తన టోపీ ఒళ్లో పెట్టుకుని సూదిమొనతో ఆ చివరి రేకు ముడి విప్పాలని చూస్తోంది.

"అది రాదండీ," అన్నాను. "మంగళవారం మీరు ఏలూరు రావాలి. ఆ కంటికి దగ్గరుండి ఆపరేషన్ చేయిస్తాను. వీలు కాదూ గీలు కాదూ అంటే ఊరుకోను. చూపొచ్చాక నాకు లేసు నేర్పుదురు గాని."

"అలాగేనండీ," అంది ఆవిడ బుద్ధిగా. సూది పక్కన పెట్టి, ఎదురుగా ప్రీతి ఒళ్లో నిద్రపోతున్న పాపని, పాప నెత్తిమీద తలకట్టునీ కళ్లు చికిలించి చూసింది. ఆవిడ పెదాలు వణికాయి. రెండేళ్లలో మొదటిసారి ఆవిడ నన్ను వేళాకోళం చెయ్యబోతోందని నాకు అర్థమైంది.

"దిష్టికి ఒక్క రేకు చాలనుకునేదాన్నండీ వదినగారూ. మీరు ఏకంగా టోపీ మొత్తం అల్లారు."

చేపల పులుసు కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆ నవ్వుకి పాప లేచి, పిడికిలితో టోపీ అంచు పట్టుకుని లాగింది. ప్రీతి దాని వేళ్లు విడిపించలేదు, లాగనిచ్చింది.

"అమ్మా, ఇది ఎన్నాళ్లకీ ఊడదు కదా?" అని అడిగింది.

"ఊడదమ్మా," అన్నాను.